మెడ నరం ఆపరేషన్ అయింది, మందులు మానవచ్చా?

మెడలో రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమనులున్నాయి. డాక్టర్లు వీటిని కెరోటిడ్ ధమనులంటారు. యునానీలో షిర్యానే సుబాతీ అని పేరు. సుబాత్ అంటే మైకం. ఈ నాళాలను అదిమితే మనిషి మైకంలోకి జారిపోతాడని పూర్వపు వైద్యులు భావించి పెట్టిన పేరది. ఇంగ్లీషు పేరుకు మూలమైన గ్రీకు మాటకూ అదే అర్థం.

ఇక్కడ కొవ్వు పేరుకుంటే దాని ముక్కలు, రక్తపు గడ్డలు పైకి కొట్టుకుపోయి మెదడులో అడ్డుపడవచ్చు. ఫాలిజ్, అంటే పక్షవాతం, అలా కూడా వస్తుంది. నాళాన్ని తెరిచి ఆ కొవ్వును తీసివేసే ఆపరేషన్‌ను 1953లో అమెరికాలో డాక్టర్ మైకేల్ డిబేకీ విజయవంతంగా చేశారు. అప్పటి నుంచి ఎంతోమందిని అది కాపాడింది.

అయితే ఆపరేషన్ అయినవారి ఇళ్లలో ఒక మాట తరచు వింటుంటాను: "నరం శుభ్రం చేశారు హకీం సాబ్. ఇక గోళీలు మానేసి మీ మందు వాడతాం." ఈ మాట నేను ఒప్పుకోను. కత్తి పేరుకున్న కొవ్వును తీస్తుందే గాని, దాన్ని పేర్చిన కారణాలను తీయదు.

బాగుచేసిన నాళం మళ్లీ ఇరుకు కావడం రెండు రకాలు. మొదటి రెండేళ్లలో వచ్చేది ఎక్కువగా గాయం మానేటప్పుడు లోపలి పొర మందంగా పెరగడం వల్ల. కుట్టేటప్పుడు చిన్న అతుకు వేస్తే ఈ ముప్పు తగ్గుతుంది. అది సర్జన్ చేతిలో పని. ఆ తర్వాత వచ్చేది పాత కొవ్వు జబ్బే. అది చాలావరకు మన చేతిలో పని.

అమెరికా, కెనడాల్లో జరిగిన క్రెస్ట్ అనే పెద్ద పరిశోధనలో ఈ లెక్క 2012లో వెల్లడైంది. ఆపరేషన్ అయినవారిలో రెండేళ్లలో నూటికి సుమారు ఆరుగురికి నాళం మళ్లీ బాగా ఇరుకైంది లేదా మూసుకుపోయింది. స్టెంట్ వేసినవారిలోనూ దాదాపు అంతే. స్త్రీలకు, షుగర్ ఉన్నవారికి, రక్తంలో కొవ్వు ఎక్కువున్నవారికి ముప్పు అధికం. ఆపరేషన్ తర్వాత పొగతాగేవారికీ అంతే.

స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వారి నాళాలు సన్నగా ఉంటాయి. పైగా మన ఇళ్లలో అబ్బాజాన్ పరీక్షలకు కారు మాట్లాడతారు గాని, అమ్మీ స్కాన్ మాత్రం "వచ్చే నెల చూద్దాం" అని వాయిదా పడుతుంది. ఇది మానాలి. డాప్లర్ స్కాన్‌కు నొప్పి లేదు, కోత లేదు. మామూలుగా మొదటి నెలలో, ఆరు నెలలకు, తర్వాత ఏడాదికొకసారి చేయిస్తారు. మీ డాక్టర్ చెప్పిన తేదీ దాటనీయకండి.

ఇక మా వైద్యం మాట. యునానీలో అస్బాబె సిత్తా జరూరియా అని ఆరు ముఖ్య కారణాలున్నాయి: గాలి, తిండీ నీరూ, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలవాల్సింది నిలవడం, పోవాల్సింది పోవడం. ఇవి సరిదిద్దడంలో హకీం ఎంతో సాయపడగలడు. బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. పాన్‌లో జర్దా కూడా పొగాకే. నెయ్యి, డాల్డా, ఉప్పు తగ్గించాలి. డాక్టర్ సరేనన్నాక రోజూ నడవాలి. షుగర్, బీపీ అదుపులో ఉండాలి.

కాని ఆస్పిరిన్, కొవ్వు తగ్గించే గోళీ మానమని ఏ హకీం చెప్పినా వినకండి. వెల్లుల్లి గోళీల వంటివి ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం ఎక్కువ కావచ్చు. కుష్తాలు కిడ్నీ జబ్బున్నవారికి చేటు చేయవచ్చు. ఏది వాడుతున్నా ఇద్దరు వైద్యులకూ చెప్పండి. రంజాన్‌లో గోళీల వేళలు ముందే అడిగి మార్పించుకోండి.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చేయి పడిపోయినా, ఒక కంటికి తెర కమ్మినట్లయినా లఖ్వా తైలం కోసం మా దగ్గరకు రావద్దు. ఆ కాస్త వ్యవధిలో కరిగించగల గడ్డ కరగకుండా ఉండిపోతుంది. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి.