బలం పెంచితే సరిపోతుందా.. ఆపే దారి చూడొద్దా?

సోమేనహళ్ళి: కొలువు బెంగళూరులో, ఇల్లు ఊళ్లో. గుడిబండ తాలూకా పల్లెల్లో చాలామంది కుర్రాళ్ల బతుకు ఇప్పుడిదే. తెల్లవారకముందే బయల్దేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. పొద్దుగూకాక ఇల్లు చేరతారు. నాలుగైదేళ్ల కంతులపై కొన్న కారే వాళ్లకు బస్సు, అంబులెన్సు, పెళ్లి బండి కూడా. ఆ కారుకు టర్బో ఉందంటే అంగడి దగ్గర కొంచెం గొప్ప. ఆ గొప్ప ఆర్నెల్లు కూడా నిలవదు.

‘ఏమప్పా, ఇంకా కంపెనీ ఇచ్చినట్లే తోలతా ఉండావా? బెంగళూరికి పోయి మ్యాపు చేపిచ్చుకో. రాకెట్టు మాదిరి పోతుంది’ అని పక్కోడు టీ గ్లాసు చేతిలో పట్టుకుని అంటాడు. అక్కడితో నిద్ర పట్టదు. ఏ ఫిల్టరు వేయాలి, ఏ సైలెన్సరు బిగించాలి, రీమ్యాపు ఎక్కడ చేస్తారు.. రాత్రంతా ఫోనులో ఇదే వెతుకులాట.

కోరిక తప్పు కాదు. తన సంపాదనతో కొన్న బండిని ఇంకాస్త బాగా చేసుకోవాలనుకోవడం నేరమేమీ కాదు. అయితే రోజూ తిరిగే కారుకు మొదటి ఖర్చు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. దానికి టీ అంగడి చెప్పే జవాబు తలకిందులుగా ఉంది.

గాలి బలం ఇదీ..

మామూలు ఇంజను తనకు కావాల్సిన గాలిని తానే పీల్చుకుంటుంది. టర్బో ఉన్న ఇంజనులో బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతల ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి. అందుకే వెయ్యి సీసీ కూడా నిండని ఇంజను ఇవాళ 115, 120 పీఎస్‌ల శక్తి ఇస్తోంది. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి మామూలు ఇంజను నీరసిస్తుంది. టర్బో బండి ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. ఘాటు ఎక్కేటప్పుడు అది హుషారుగా అనిపించడానికి కారణమిదే.

గాలి ఎంత ఒత్తాలి, పెట్రోలు ఎంత చిమ్మాలి, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలి అనే లెక్కలన్నీ ఈసీయూ అనే చిన్న కంప్యూటరులో ఉంటాయి. ఆ లెక్కలను తిరగరాయడమే రీమ్యాపు. లాప్‌టాపు తగిలిస్తే కొన్ని గంటల పని. టర్బో బండికి బలం పెంచడం ఇంత సులువు కాబట్టే ఆశ కూడా అంత సులువుగా పుడుతోంది. టర్బో లేని ఇంజనుకు ఇదే పని చేయిస్తే పెద్దగా తేడా రాదు. టర్బో ఇంజనులో మాత్రం బలం ఐదో వంతు, నాలుగో వంతు పెరిగినట్లు తొక్కగానే తెలుస్తుంది.

మరి అంత బలం దాచిపెట్టిన కంపెనీవాళ్లు తెలివితక్కువవాళ్లా? కాదు. ఆ మిగులు ఊరికే వదిలింది కాదు. ఏ బంకులో ఎలాంటి పెట్రోలు దొరుకుతుందో తెలియదు. మే నెల ఎండలో టోలుగేటు దగ్గర ఎంతసేపు నిలబడాలో తెలియదు. సర్వీసు రెండు నెలలు ఆలస్యం కావచ్చు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా మూటలతో కొండ ఎక్కాల్సి రావచ్చు. వీటన్నిటినీ తట్టుకోవడానికే ఆ మిగులు. షోకుకు ఆదివారం మాత్రమే తీసే బండికి అది అంతగా అక్కర్లేకపోవచ్చు. రోజూ బెంగళూరు పోయి వచ్చే బండికి దినదినమూ కావాలి. రీమ్యాపు చేయించుకున్నవాడు కొత్త బలం కొనుక్కున్నానని అనుకుంటాడు. నిజానికి తన సొంత భద్రతలో కొంత అమ్ముకుంటున్నాడు.

లెక్క చూస్తే తెలుస్తుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా 1.0 టీఎస్‌ఐ ఇంజను టార్కు 178 ఎన్‌ఎం. ఆ కంపెనీల చిన్న కార్లలో వాడిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గేరుబాక్సు తట్టుకునే హద్దు 250. ఆ రెండింటినీ జత చేస్తే మిగులు 72. రీమ్యాపుతో టార్కు నాలుగో వంతు పెరిగితే 222 దాటుతుంది. మిగులు 28కి పడిపోతుంది. అదే 1.5 టీఎస్‌ఐ ఇంజనుకైతే కంపెనీయే 250 ఇచ్చింది. దానిపైన కలిపేదంతా గేరుబాక్సు నెత్తిన వేసే బరువే. పాత స్విఫ్టు, డిజైరు డీజిళ్ల సంగతీ అంతే. ఆ 1.3 లీటర్ల ఇంజను 190 ఎన్‌ఎం ఇచ్చేది. దాన్ని ఎగదోస్తే మొదట జారేది క్లచ్చు, తర్వాత కనిపించేది నల్లపొగ.

ఆగితేనే బండి..

గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఎదుట ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి పోయేలోపే అంత దూరం గడిచిపోతుంది. 80 నుంచి 100కు పెంచితే వేగం పెరిగింది నాలుగో వంతే. ఢీకొట్టే శక్తి మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం దాకా ఈ దారిని ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డివైడరు సందులోంచి పాలక్యాను తగిలించుకున్న మోపెడ్ వస్తుంది. టమాట గంపలతో ట్రాక్టరు అడ్డంగా తిరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున మంచు దిగితే పది బారల దూరం కనిపించదు.

2023 అక్టోబరు 26న చిక్కబళ్ళాపురం శివార్లలో ఇదే రహదారిపై ఆగి ఉన్న ట్యాంకరును టాటా సుమో ఢీకొని పన్నెండు మందికి పైగా చనిపోయారు. ఆ వేకువ దట్టమైన పొగమంచు. ఆ దుర్ఘటనకూ రీమ్యాపులకూ సంబంధం లేదు. కానీ ఈ దారి మనిషిని అడిగేదేమిటో అది చెప్పింది. ఎంత జోరుగా పోగలవని ఈ దారి అడగదు. ఎంత దూరంలో ఆపుకోగలవని అడుగుతుంది.

అందుకే వరస మార్చాలి. మొదట బండి ఆరోగ్యం. టర్బో ఇరుసు నూనె పొర మీదే తిరుగుతుంది. నూనె పాడైతే ముందు దెబ్బ దానికే. కంపెనీ చెప్పిన గ్రేడు నూనె, చెప్పిన గడువుకన్నా కొంచెం ముందే మార్పించడం అన్నిటికన్నా చవకైన ‘మార్పు’. ఘాటు దిగి రాగానే, హైవేలో గట్టిగా తోలి ఆపగానే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజనును అలా తిరగనివ్వాలి. గాలి గొట్టాలకు చీలిక ఉందేమో, కూలెంటు తగ్గుతోందేమో చూడాలి. ‘బండి లాగడం లేదు’ అని రీమ్యాపుకు తయారైన కార్లలో కొన్నిటికి అసలు జబ్బు చీలిన గొట్టమో, అరిగిన ప్లగ్గులో, మూసుకుపోయిన ఫిల్టరో అయి ఉంటుంది.

రెండోది టైర్లు. ఇంజను బలమైనా, బ్రేకు బలమైనా నేలను తాకేది అరచేయంత రబ్బరుతోనే. నాలుగు మంచి టైర్లకయ్యే ఖర్చూ, ఒక రీమ్యాపుకయ్యే ఖర్చూ ఇంచుమించు ఒకే వరసలో ఉంటాయి. రెండింటిలో ఒకటే చేయగలిగితే ఏది చేయాలో వేరే చెప్పాలా? మూడోది బ్రేకులు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చకపోతే నంది కొండ దిగేటప్పుడు వేడెక్కి మెత్తబడుతుంది. ప్యాడ్లు, డిస్కులు, సస్పెన్షను బుష్‌లు ఆ తర్వాత. ఇవన్నీ అయ్యాక బండి తోలి చూస్తే, ఇంకా బలం కావాలన్న ఆత్రం చాలామందికి సగానికి తగ్గుతుంది. పాత బండే కొత్తగా అనిపిస్తుంది.

ఎండలో తిరిగే కారుకు బానెట్టు కింద తెరిచి పెట్టే కోను ఫిల్టరు వల్ల ఇంజనుకు దక్కేది చాలాసార్లు వేడిగాలే. మోత పెరిగినంత మాత్రాన బలం పెరిగినట్లు కాదు. రాత్రి పదింటికి ఊళ్లోకి వచ్చే ఆ మోతకు ఉలిక్కిపడేది పొత్తిళ్లలో బిడ్డలు, మంచం పట్టిన ముసలివాళ్లు.

చట్టం మాటేమిటి?

‘ఎవరికి తెలుస్తుందిలే’ అనేది అందరి ధీమా. తెలుస్తుంది. సర్వీసుకు పోయినప్పుడు కంప్యూటరు తగిలిస్తే తిరగరాసిన ఆనవాళ్లు బయటపడొచ్చు. దాంతో ఇంజను, గేరుబాక్సు వారంటీ పోతుంది. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత బయటపడితే పరిహారం తిరస్కరించడానికి అదే సాకవుతుంది. కంతులు మాత్రం ఆగవు. బండి తుక్కయినా బ్యాంకు నెలనెలా గుర్తు చేస్తూనే ఉంటుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటోంది. కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇది కేంద్ర చట్టం. నంబరు కేఏ 40 అయినా, ఏపీ 39 అయినా తప్పించుకునే దారి లేదు. కొడికొండ దాటితే ఒక నియమం, బాగేపల్లి దాటితే ఇంకో నియమం ఉండవు.

తప్పంతా కుర్రాళ్లదేనా?

ఇక్కడ సర్కారును కూడా అడగాలి. చేయకూడదని చెప్పిన చట్టం, ఎలా చేయించుకోవచ్చో చెప్పే దారిని సరిగ్గా వేయలేదు. పాత బండికి గ్యాసు కిట్టు బిగించుకోవాలంటే ఆమోదం పొందిన కిట్టు ఉంది, ఆర్‌సీలో రాయించుకునే పద్ధతి ఉంది. ఇంజను పనితీరు పెంచే మార్పులకు సామాన్యుడికి అందే అలాంటి పద్ధతి లేదు. జర్మనీలో బండికి చేసిన మార్పును అధీకృత సంస్థ ఇంజనీరు పరీక్షిస్తాడు. బ్రేకులు చాలతాయా, పొగ హద్దులో ఉందా అని చూసి పత్రాల్లో ఎక్కిస్తారు. బీమా సంస్థకూ అది తెలుస్తుంది. మన దగ్గర అలాంటిది లేకపోవడం వల్ల పని ఆగలేదు. చాటుగా జరుగుతోంది. చాటుగా జరిగే పనికి రసీదు ఉండదు, పూచీ ఉండదు. ఇంజను పోయాక అడిగితే ‘నీ తోలకమే బాగలేదు’ అనే జవాబు తప్ప ఏమీ రాదు.

వేగం చూడాలన్న సరదా ఉన్నవాళ్లకు చోట్లు లేకపోలేదు. కోయంబత్తూరు దగ్గర కరి ట్రాకు, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకు ఉన్నాయి. అక్కడ ఎదురు బండి రాదు, పాలక్యాను అడ్డం రాదు. సోమేనహళ్ళి కుర్రాడికి అవి దూరాభారమే. దగ్గరలో అలాంటి వసతి, నమ్మదగిన పరీక్షా కేంద్రం కల్పించకుండా రోడ్డు మీద చలాన్లు రాసుకుంటూ పోతే లాభం సగమే. రవాణా శాఖ రెండు రాష్ట్రాల్లోనూ ఆ దిశగా ఆలోచించాలి. సైలెన్సర్లు రోలరు కింద తొక్కించి ఫొటోలు దిగడంతో పని అయిపోయినట్లు కాదు.

అంతవరకూ ఇంట్లో పెద్దలు కూడా ఒక మాట అడగాలి. కారు కొన్నప్పుడు ‘మైలేజీ ఎంత నాయనా’ అని అడిగే తండ్రి, ‘బ్రేకు నూనె ఎప్పుడు మార్పించినావు’ అని ఎన్నడైనా అడిగాడా? ఆస్పత్రికైనా, పుట్టపర్తికైనా వెనక సీట్లో కూర్చునేది అమ్మే కదా.

ఈ పూట ఒక పని చేయొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2823 అని ఉంటే 2023లో 28వ వారం తయారైందని అర్థం. మసక వెలుతురులో అయినా సరే, ఫోను లైటు వేసి ఆ అంకె చదవండి. ఆరేడేళ్లు దాటినవైతే మొదటి ‘మార్పు’ ఏమిటో అదే చెబుతుంది.