చదివినవాళ్లం ఊరుకోకూడదు



1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఒక వార్త వచ్చింది. స్టేట్ బ్యాంకుకు రావలసిన 500 కోట్ల రూపాయల లెక్క తేలడం లేదని, దాని వెనుక ‘బిగ్ బుల్’ అని పేరుపడ్డ బ్రోకరు ఉన్నాడని ఆ వార్త సారాంశం. రాసినవారు సుచేతా దలాల్. అప్పటికి ఆమెకు సుమారు ముప్పై ఏళ్ల వయసు. ఆ బ్రోకరు హర్షద్ మెహతా పేరు చెబితే బొంబాయి మార్కెట్ ఊగిపోతున్న రోజులవి. షేర్లు కొన్నవాడికీ లాభమే, అమ్మినవాడికీ లాభమే. అందరి జేబులూ నిండుతున్న వేళ లెక్క అడిగేవాడు ఎవరికీ నచ్చడు. ఆమె లెక్క అడిగారు.

అడిగాక ఏం తేలింది? బ్యాంకులు ప్రభుత్వ సెక్యూరిటీలు చేతులు మార్చుకోవడానికి బదులు రసీదులు రాసుకుంటున్నాయి. కొన్ని రసీదుల వెనుక సెక్యూరిటీలే లేవు. ఆ కాగితాల మీద బయటికొచ్చిన బ్యాంకు సొమ్ము షేర్ మార్కెట్‌కు చేరింది. సంయుక్త పార్లమెంటరీ సంఘం వేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది దేబాశిస్ బసుతో కలిసి ఆమె ఆ కథంతా ‘ది స్కామ్’ పేరుతో పుస్తకంగా రాశారు. 2020లో దాని ఆధారంగా వెబ్ సిరీస్ వచ్చింది. మన కుర్రాళ్లు హర్షద్ మెహతా డైలాగులు కంఠతా పట్టారు. వార్త రాసిన మనిషి పేరు ఎందరికి గుర్తుంది?

ఆమె 1992 కీర్తి మీద బతకలేదు. 2001లో మరో షేర్ బ్రోకరు కేతన్ పారేఖ్ వ్యవహారం మీదా రాశారు. 2006లో పద్మశ్రీ వచ్చింది. ఆ కాలంలోనే ‘మనీలైఫ్’ పత్రిక మొదలైంది. 2010లో మనీలైఫ్ ఫౌండేషన్ పుట్టింది. పెద్ద బ్రోకరును నిలదీసిన కలం, బ్యాంకు కౌంటర్ దగ్గర మోసపోయిన పెద్దమనిషి ఫిర్యాదు మీద కూర్చుంది. నా దృష్టిలో మొదటి పని కంటే ఈ రెండో పనే గొప్పది. 500 కోట్ల వార్తకు దేశం చెవి ఒగ్గుతుంది. 5 లక్షల వార్తకు పక్కింటివాడు కూడా ఒగ్గడు.

ఆ 5 లక్షల కథ మనకు తెలియనిదా? ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన గ్రాట్యుటీ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని బ్యాంకుకు వెళతాడు. ‘‘అంతకంటే మంచిది ఉంది, బాబాయ్’’ అంటాడు లోపలి కుర్రాడు. టీ వస్తుంది. ఫారం వస్తుంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా సంతకాలు పడతాయి. ‘‘కంపెనీ నుంచి ఫోనొస్తుంది. అన్నిటికీ అవును అనండి, చాలు’’ అని కూడా చెబుతాడు. ఫోనొస్తుంది. పెద్దాయన అవును, అవును అంటాడు. ఏడాది తిరిగాక రెండో ప్రీమియం కట్టమని మెసేజ్ వచ్చినప్పుడు తెలుస్తుంది, తాను వేసింది డిపాజిట్ కాదని. అప్పుడు ఆ ‘అవును’ల రికార్డింగే ఆయనకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

బీమా పాలసీ కాగితం చేతికందిన 30 రోజుల్లోగా దాన్ని వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ హక్కు నిబంధనల్లో ఉంది. కానీ పెద్దాయనకు ఎవరు చెప్పారు? ఆ కాగితం బీరువాలో పడి ఉన్న 30 రోజుల్లో, చదువుకున్న మనం ఎంతమందిమి ఆ ఇంటికి వెళ్లి కాఫీ తాగి వచ్చాం? దాన్ని తీసి చదివామా?

అగ్రిగోల్డ్‌ను మరిచిపోకండి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో సుమారు 32 లక్షల ఖాతాలు, సుమారు 6,380 కోట్ల రూపాయలు చిక్కుకున్నాయి. ఆ డబ్బు కట్టించుకున్న ఏజెంట్లు ఎక్కడినుంచో ఊడిపడలేదు. మన బావమరదులే, మన వీధివాళ్లే. వాళ్లలో చాలామంది తామూ కట్టారు, తామూ మునిగారు. ఆ సంస్థకు డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందా అన్న ఒక్క ప్రశ్న ఊరికొకరు అడిగి ఉంటే ఎన్నో కుటుంబాలు నిలబడేవి.

ఆ ప్రశ్న అడగడం మన విధి. చీటీ కట్టే చోట రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి. డబ్బు దాచే చోట డిపాజిట్ బీమా ఉందా అని అడగాలి. 2019లో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు ఖాతాదారులు మొదట వెయ్యి రూపాయలకు మించి తీసుకోలేకపోయారు. 2020 ఫిబ్రవరిలో బీమా పరిమితి లక్ష నుంచి 5 లక్షలకు పెరిగింది. కృషి బ్యాంకు మునిగి దెబ్బ తిన్న హైదరాబాద్‌వాసులకు ఆ లక్ష ఎంత తక్కువో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఊళ్లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో దాచిన సొమ్ముకు ఈ బీమా వర్తించదు. ఈ మాట ఎందరు రైతులకు తెలుసు? తెలిసిన మనం ఎందరికి చెప్పాం?

‘‘మనకెందుకులే’’ అనే మాట మన నోట రాకూడదు. కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారని అనకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనం ఉన్న ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసే వీలిచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షలలోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు మాత్రం దాటకూడదు. బ్యాంకు మీద ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు పోవచ్చు. దానికీ పైసా ఖర్చు లేదు. చట్టం చేయవలసింది చాలావరకు చేసింది. పత్రికలో రాయవలసినవారు ముప్పై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. మిగిలింది గడప దాటి లోపలికి వెళ్లే పని. అది ఢిల్లీ చేయదు, బొంబాయి చేయదు. మనమే చేయాలి.

డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం. సభలు పెడతాం, దండలు వేస్తాం, ఫొటోలు దిగుతాం. ఈసారి సభ కంటే ముందు పని చేద్దాం. మన వినియోగదారుల, పొదుపు సంఘాల్లోని ప్రతి ఒక్కరూ ఒక్క ఇల్లు ఎంచుకోండి. వృద్ధులున్న ఇల్లైతే మరీ మంచిది. వాళ్ల పాస్‌బుక్, పాలసీ, చీటీ పుస్తకం అడిగి తీసుకుని పక్కన కూర్చుని చదివి చెప్పండి. తేడా కనిపిస్తే వాళ్ల పేరుతోనే ఫిర్యాదు రాయండి, వాళ్ల చేతనే సంతకం పెట్టించండి, అందినట్టు రసీదు తీసుకోండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915, సైబర్ మోసాలకు 1930. రెండూ ఆ ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి రండి.