పాత మరణ రిజిస్టర్లను కాపాడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జనన మరణాల ముఖ్య రిజిస్ట్రార్లకు,

2023 అక్టోబరు 1 నుంచి జనన మరణాల నమోదు డిజిటల్ అయింది. అంతకు ముందు పోయినవారి సంగతే నా ఆందోళన. భూమి ఉన్నవారికి పట్టాలు, అడంగళ్లు సాక్ష్యం చెబుతాయి. ఆస్తి లేని కూలీలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, వారు బతికారనడానికి చాలాసార్లు మిగిలే రాతపూర్వక ఆధారం మరణ రిజిస్టర్లోని ఒక్క వరుసే. ఆ కాగితం చెదలకో చెమ్మకో పోతే వారసత్వం రుజువు చేసుకోవాల్సిన కుటుంబం చిక్కుల్లో పడుతుంది. తాతముత్తాతల ఊరు, పేరు వెతికే మనవలకు దారి మూసుకుపోతుంది.

పాత రిజిస్టర్లను స్కాన్ చేసి అందుబాటులో పెడితే గోప్యత దెబ్బతింటుందని మీరు అనవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 17వ సెక్షన్ ఎవరైనా రిజిస్టరు వెతికించి ధ్రువపత్రం తీసుకునే వీలు కల్పిస్తూనే, అందులో మరణ కారణం వెల్లడించకూడదని చెప్పింది. ఆ హద్దు పాటిస్తే చాలు. ఖర్చు మాటకొస్తే, అన్నీ ఒకేసారి చేయనక్కర్లేదు. శిథిలమవుతున్నవాటితో, వరద ముంపు ప్రాంతాలవాటితో మొదలుపెట్టండి.

ఏ ఊరి రిజిస్టర్లు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో జిల్లాలవారీగా జాబితా ప్రకటించండి. వాటిని స్కాన్ చేయించి, తెలుగులో పేరుతో వెతికే వీలు కల్పించండి. పాడైపోయిన పుటను ఏ చట్టమూ తిరిగి తేలేదు. దయచేసి ఈ ఏడాదే ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక పౌరుడు