తెలుగు ఫాంట్లు ఉచితమే.. మరి ఖర్చెవరిది?

మన సంఘాల సావనీర్లకు, ఆహ్వానాలకు నేను తరచూ వాడేవి మండలి, రామభద్ర ఫాంట్లు. ఒక్క డాలరు కట్టలేదు. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన వీటిని కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు, అంతే.

లాభం కళ్లముందే ఉంది. ఖర్చే కనపడదు. కొత్త ఫోన్లో ఒత్తులు చెదిరితే ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. అలాంటివారికి ఆసరా లేకపోతే ఏమవుతుందో 2014లో చూశాం. లక్షల వెబ్‌సైట్లలో పాస్‌వర్డులకు రక్షణగా ఉన్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. అప్పటికి ఆ ప్రాజెక్టుకు ఏటా అందుతున్న విరాళాలు దాదాపు 2,000 డాలర్లే! ఆ తర్వాతే పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా నిధులిచ్చాయి. 2024లో ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో దొంగదారి పెట్టినవారు కూడా దాన్ని దాదాపు ఒంటరిగా నెట్టుకొస్తున్న నిర్వాహకుడి అలసటనే వాడుకున్నారు. కోడ్ అందరికీ తెరిచి ఉండటంతో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లోతుకు వెళ్లి పట్టుకోగలిగారు.

ఇక్కడ మనలో చాలామంది ఉద్యోగాలు ఓపెన్ సోర్స్ మీదే నడుస్తున్నాయి. లాభాపేక్ష లేని సంస్థలకు ఉద్యోగి ఇచ్చే విరాళానికి చాలా కంపెనీలు అంతే మొత్తం జతచేస్తాయి. గుడికి, బడికి ఇస్తున్నట్టే, ఈ ఏడాది ఆ ఫారంలో మనం రోజూ వాడే ఒక ప్రాజెక్టు పేరూ రాద్దాం.