కట్టడం కుంగాకే నిపుణులు రావాలా? ఊరూరా తిరిగే 'మట్టి పాఠాలు' మనకెందుకు కావాలి?

పోలవరంలో డయాఫ్రమ్ వాల్ గోదావరి వరదకు దెబ్బతింది. దాని సంగతి తేల్చడానికి 2024 జూన్ నెలాఖరులో నలుగురు అంతర్జాతీయ నిపుణులు వచ్చారు. ఇద్దరు అమెరికా నుంచి, ఇద్దరు కెనడా నుంచి. సైట్ అంతా తిరిగారు, రికార్డులు చూశారు, ఇంజినీర్లను ప్రశ్నలు అడిగారు. చివరికి పాత గోడను నమ్ముకోవడం కన్నా కొత్తది కట్టడమే మేలన్నారు. 2025 జనవరిలో ఆ పని మొదలైంది. అంచనా ఖర్చు సుమారు రూ.990 కోట్లు.

తప్పు జరిగాక నిపుణుడు వస్తే ఇంత ఖరీదవుతుంది. మరి తప్పు జరగకముందే వస్తే?

ఆ నలుగురిలో ఇద్దరి సొంత దేశం కెనడాలో ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు దొరికింది. అక్కడ మట్టి, రాయి, పునాదుల శాస్త్రంలో తలపండినవాళ్లు ఊరూరా తిరిగి పాఠాలు చెబుతారు.

అసలేంటీ లెక్చర్ టూర్?

కెనడియన్ జియోటెక్నికల్ సొసైటీ దశాబ్దాలుగా 'క్రాస్ కెనడా లెక్చర్ టూర్' నడుపుతోంది. ఏడాదికి రెండు విడతలు. ఒక్కో విడతకు ఒక నిపుణుడిని ఎంపిక చేస్తారు. ఆయనో, ఆమెనో పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ తీరం దాకా ఒక్కో నగరంలో ఆగుతూ వెళ్తారు. స్థానిక శాఖ సమావేశం ఏర్పాటు చేస్తుంది. కన్సల్టెంట్లు, ప్రభుత్వ ఇంజినీర్లు, విద్యార్థులు ఒకే గదిలో కూర్చుంటారు. అమెరికాలోనూ 'క్రాస్ యూఎస్ఏ లెక్చర్' పేరుతో ఇలాంటిదే ఉంది.

ఆన్‌లైన్‌లో చెప్పేస్తే సరిపోదా అనిపించొచ్చు. వినడానికైతే సరిపోతుంది. కానీ ఈ శాస్త్రంలో అసలు చిక్కు ఏంటంటే, ఏ ఊరి మట్టి కథ ఆ ఊరిదే. ఉక్కు కడ్డీ గ్రేడ్ హైదరాబాద్‌లోనైనా టొరంటోలోనైనా ఒకటే. మట్టి అలా కాదు, పక్క ప్లాటుకు వెళ్తేనే మారిపోవచ్చు. కెనడాలో క్యూబెక్, ఒట్టావా ప్రాంతాల్లో లీడా క్లే అనే బంకమట్టి ఉంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. ఒకసారి కదిలిందా, చిక్కటి ద్రవంలా పారుతుంది. 1971 మే నెలలో క్యూబెక్‌లోని సెయింట్ జాన్ వియానీ అనే ఊళ్లో ఇలాగే నేల జారి 31 మంది చనిపోయారు. పశ్చిమాన వాంకోవర్ వైపు వెళ్తే బెంగ వేరు. భూకంపం వస్తే డెల్టా ఇసుక ఏమవుతుందన్నదే అక్కడి భయం. అందుకే వక్త వెళ్లిన ప్రతిచోటా ప్రశ్నలు మారతాయి. చెప్పేవాళ్లు కూడా నేర్చుకుంటారు.

ఒక్క ఉపన్యాసంతో ఏమవుతుంది?

చాలానే అవుతుంది. బ్రిటన్‌లో 1961లో మొదలైన ర్యాంకిన్ లెక్చర్‌నే తీసుకోండి. మొట్టమొదటి ఉపన్యాసం ఇచ్చింది ఆర్థర్ కాసాగ్రాండే. ఆయన ఎంచుకున్న అంశం డ్యామ్‌ల పునాదుల కింద నుంచి నీటి ఊటను అదుపు చేయడం. అరవై ఏళ్లు దాటాక కూడా మన నదుల మీద నలుగుతున్న సమస్య అదే.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. 1948లో పుట్టిన ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ 1978లో వార్షిక ఉపన్యాసం మొదలుపెట్టింది. తొలి వక్త ఐఐటీ బాంబే ప్రొఫెసర్ ఆర్.కె.కట్టి. అంశం నల్లరేగడి నేలల సమస్యలు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఈ నేల సంగతి కర్నూలు నుంచి ఆదిలాబాద్ దాకా రైతుకి వేరే చెప్పక్కర్లేదు. కాలువ లైనింగ్ కింద ఉబ్బని బంకమట్టిని ఒక పొరగా పరిస్తే కింది నేల ఉబ్బును అదిమిపెట్టొచ్చని కట్టి పరిశోధన చూపింది. ఉబ్బే నేలల్లో కాలువ లైనింగ్‌కు మార్గదర్శకాలిచ్చే భారత ప్రమాణం ఐఎస్ 9451లో ఈ పద్ధతికి చోటుంది.

మన రాష్ట్రాల్లో ఏం జరిగింది?

2023 అక్టోబర్ 21న కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ప్రారంభించి నాలుగేళ్లు దాటిందంతే. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ ఆ నవంబర్‌లో ఇచ్చిన నివేదికలో పైపింగ్‌ను ప్రధాన కారణాల్లో ఒకటిగా చూపింది. అంటే పునాది కింద నీరు దారి చేసుకుని ఇసుకను కొంచెం కొంచెంగా లాక్కెళ్లిపోవడం. పైన కాంక్రీట్ బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది.

2025 ఫిబ్రవరి 22న నల్లమలలో ఎస్ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలింది. దాదాపు 14 కిలోమీటర్ల లోపల నీరు, బురద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారాల తరబడి వెతికినా, గాలింపు ఆపేనాటికి ఇద్దరి మృతదేహాలే బయటకొచ్చాయి.

ఎవరో ఒకరి లెక్చర్ విని ఉంటే ఇవి ఆగేవా? అలా అనడం అమాయకత్వమే. డిజైన్, నాణ్యత, నిర్వహణ, పై నుంచి వచ్చే ఒత్తిడి.. చాలా కలిస్తేనే ఇలాంటివి జరుగుతాయి. కానీ ఒకటి మాత్రం నిజం. ఊటలో ఇసుక వస్తోందని, సొరంగంలో నీటి ధార పెరిగిందని మొదట చూసేది సైట్‌లో ఉన్న ఏఈ, ఫోర్‌మన్. అది ప్రమాద సూచన అని ఆ క్షణంలో గుర్తుపట్టాలంటే, అలాంటిది ఎక్కడ ఎలా జరిగిందో ముందే విని ఉండాలి. పాఠ్యపుస్తకంలో సూత్రం ఉంటుంది. అనుభవజ్ఞుడి మాటలో 'నేనక్కడ పొరపాటు పడ్డా' అన్న ముక్క ఉంటుంది. టెండర్ కాగితాల్లో ఎప్పటికీ దొరకనిది అదే.

మన అమ్మాయే చూపిన దారి

చీనాబ్ వంతెననే చూడండి. నదీ గర్భం నుంచి 359 మీటర్ల ఎత్తు. 2025 జూన్ 6న ప్రారంభమైంది. దానికి జియోటెక్నికల్ సలహాదారుగా పనిచేసిన ఐఐఎస్సీ ప్రొఫెసర్ జి.మాధవీలత ప్రకాశం జిల్లా బిడ్డ. కాకినాడలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్ చేశారు. పగుళ్ల రాళ్లున్న ఆ కొండవాలులో ముందే గీసిన డిజైన్‌ను పట్టుకు వేలాడలేదు. తవ్వుతున్న కొద్దీ బయటపడ్డ రాయిని బట్టి మార్చుకుంటూ వెళ్లారు. ఆ అనుభవాన్ని ఆమె 'డిజైన్ యాజ్ యూ గో' పేరుతో వ్యాసంగా రాశారు. గమనిస్తూ మార్చుకునే పద్ధతికి మేలెంత, పరిమితి ఎంత అన్నది రాల్ఫ్ పెక్ 1969 ర్యాంకిన్ లెక్చర్‌లో చర్చించిన విషయమే. లండన్ వేదిక మీద చర్చకొచ్చిన ఆలోచన అర్ధ శతాబ్దం తర్వాత జమ్మూకశ్మీర్ కొండల్లో పనికొచ్చిందన్నమాట.

ఇక చేయాల్సిందేంటి?

మనకు వేదికలు లేవని కాదు. జియోటెక్నికల్ సొసైటీకి హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల శాఖలున్నాయి. నీటిపారుదల ఇంజినీర్ల శిక్షణకు రాజేంద్రనగర్‌లో వాలంతరి ఉంది. ఇబ్బంది ఏంటంటే, పాఠం నగరంలో ఆగిపోతోంది, పని మాత్రం ఏజెన్సీలో, అడవిలో, నది ఒడ్డున జరుగుతోంది. దేవరకొండ, అచ్చంపేట, పోలవరం, భూపాలపల్లిలో పనిచేసే ఏఈ సెలవు పెట్టుకుని హైదరాబాద్ వచ్చి వినాలంటే అయ్యే పని కాదు. నిపుణుడే అక్కడికి వెళ్లాలి. కాస్త తెలుగులో చెప్పాలి. హాజరును డ్యూటీగా లెక్కించాలి. ముఖ్యంగా, జరిగిన ప్రమాదాల దర్యాప్తు నివేదికలను అక్కడ దాచకుండా చర్చకు పెట్టాలి. అడిగిన ఇంజినీర్‌కు మెమో వస్తుందన్న భయం ఉంటే ఎంత గొప్ప వక్త వచ్చినా దండగే.

దీనికయ్యే ఖర్చు వక్త ప్రయాణం, ఒక హాలు, మధ్యాహ్న భోజనం. పక్కన పెట్టి చూడాల్సిన అంకె రూ.990 కోట్లు. నల్లమలలో పోయిన ప్రాణాలకైతే అంకె కూడా లేదు. నిపుణులు ఎలాగూ వస్తారు. కట్టకముందా, కూలాకా అన్నదే మనం తేల్చుకోవాలి.