మొక్కల పండుగ జూలైలో - వానలు సెప్టెంబరులో!

జూలై వచ్చిందంటే అనంతపురం జిల్లాలో వనమహోత్సవం సందడి మొదలవుతుంది. గుంత తీస్తారు, మొక్క పెడతారు, చెంబెడు నీళ్లు పోస్తారు, ఫొటో దిగి వెళ్లిపోతారు. మరుసటి వేసవికి చాలాచోట్ల మిగిలేది ఎండుపుల్ల, దాని చుట్టూ ఇనుప కంచె. ఈ తంతు మారవలసి ఉంది.

1950లో కె.ఎం. మున్షీ కేంద్రమంత్రిగా ఉండగా ప్రారంభించిన ఈ ఉత్సవాన్ని జూలైలో జరపడం తప్పేమీ కాదు. దేశంలో చాలా భాగానికి అది వానల అదను. అనంతపురం సంగతి వేరు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి, ఇటు వచ్చేసరికి వట్టిపోతాయి. ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులది. జూలైలో నాటిన లేతమొక్క మంచి వాన చూడకముందే గాలికి, ఎండకు వాడిపోతోంది. సెప్టెంబరులో నాటితే చలికాలమంతా వేరు దిగడానికి వ్యవధి దొరుకుతుంది.

ఏ మొక్క నాటుతున్నారన్నది కూడా ముఖ్యమే. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి చెట్టు మేలో ఎర్రగా విరగబూసే మాట నిజమే. అయితే దాని వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. గాలివానకు రోడ్డుకు అడ్డంగా పడేది అదే. రాజస్థాన్ ఎడారిలో రోహిడా చెట్టు ఇసుకలోనే పసుపు, నారింజ పూలు పూస్తుంది. ఆ రాష్ట్రం దానినే తన పుష్పంగా ఎంచుకుంది. ఈ జిల్లాకూ అటువంటి చెట్లకు కొరత లేదు. ఆకు రాల్చి పూసే మోదుగ, వేసవిలో బంగారు గుత్తులు వేలాడే రేల, కాండంలో నీరు దాచుకునే దేవగన్నేరు, నీడకు నీడ, పూతకు పూత ఇచ్చే కానుగ ఉండనే ఉన్నాయి.

పెంపకంలోనూ మెలకువ అవసరం. రోజూ చెంబెడు నీళ్లు పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. వారానికి ఒకసారైనా గుంత నిండా పోస్తే వేరు తడిని వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. మొక్క పక్కన మట్టికుండ పాతి నీరు నింపితే అది మెల్లగా ఊరి తడి ఇస్తుంది. పాదులో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. ఆ పొట్టుకు ఈ జిల్లాలో కరువు లేదు. చిన్న సంచుల్లో ఏళ్లతరబడి ఉంచి, వేళ్లు చుట్టలు చుట్టుకున్న మొక్కలను నర్సరీల నుంచి తీసుకోరాదు.

ఇందుకు కొత్తగా నిధులేమీ అక్కరలేదు. నాటే నెల మార్చి, మొక్కను ఎంచి, నీరు పోసే బాధ్యతను ఒక మనిషికి అప్పగిస్తే చాలు. అధికారులు ఎన్ని లక్షల మొక్కలు నాటారో జూలైలో ప్రకటించడం మాని, ఎన్ని బతికాయో మే నెలాఖరున లెక్క చెప్పాలి. ప్రజలకు కావలసింది ఆ లెక్కే.