అనుమానము తీర్చిన అమ్మ



ఈ నెల శీర్షికలో డిటెక్టివు నవలల గురించి వ్రాస్తున్నామంటే కొందరు పెద్దలు కళ్లజోడు సవరించుకొని మళ్లీ చూస్తారని మాకు తెలుసు. ఒకప్పుడు ఈ అపరాధ పరిశోధక నవలలను అద్దె పుస్తకాల దుకాణం నుండి తెచ్చుకొని, బడి పుస్తకం మధ్యలో పెట్టుకొని చదివినవారు మన సంఘాలలో తక్కువేమీ కాదు. అమ్మ గదిలోకి వస్తే లెక్కల పుస్తకం పైకి వచ్చేది. అమ్మ వెళ్లగానే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు బయటికి వచ్చేవారు. ఆ తరువాత మల్లాది వెంకట కృష్ణమూర్తి గారు వ్రాసిన ‘చంటబ్బాయ్’ 1986లో జంధ్యాల గారి దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. అందులో చిరంజీవి గారు డిటెక్టివు పాండురంగారావుగా ఊరూవాడా నవ్వించారు.

వీరందరిలో ఒక సంగతి సమానంగా కనబడుతుంది. శోధించేవాడు మగవాడు. ఆడవారికి తరచుగా దొరికేది చనిపోయినవారి పాత్రో, అనుమానింపబడినవారి పాత్రో. అయితే ఇంటింటి గుట్టు నిజంగా ఎవరికి తెలుసునో మిరపకోతకు వెళ్లే ఏ ముఠానైనా అడగండి. నాలుగు సాళ్లు కోసేసరికి ఊరి సంగతులన్నీ విచారణకు వచ్చి, తీర్పు కూడా అయిపోతుంది!

ఆడమనిషే డిటెక్టివుగా, కడుపుబ్బ నవ్విస్తూ నడిచే నవలల వరుస ఒకటి మన భాషకు బయట ఉన్నది. దాని పేరు ‘ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ’. మొదటి పుస్తకం 1998లో వచ్చింది. ఇప్పటికి ఇరవైకి పైగా పుస్తకాలు వచ్చినవి. 2008–09లో టీవీ ధారావాహికగా కూడా చూపించారు. వ్రాసినవారు అలెగ్జాండర్ మెకాల్ స్మిత్. ఆయన 1948లో నేటి జింబాబ్వేలోని బులవాయోలో పుట్టి, స్కాట్లాండులో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. బోట్స్వానా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర బోధన మొదలుపెట్టడానికి సహాయపడినవారు. అందుకే తన కథలను ఆ దేశంలోనే నడిపించారు.

బోట్స్వానా ఎక్కడిదో అనుకోవద్దు. ఆఫ్రికా ఖండపు దక్షిణాన, చాలా భాగం కలహారి ఎడారిగా ఉన్న దేశము. 1966లో స్వాతంత్ర్యం పొందింది. జనాభా చాలా తక్కువ. అక్కడ పశువులే ఆస్తి. వారి రూపాయిని ‘పూలా’ అంటారు, ఆ మాటకు వాన అని అర్థం. మబ్బు కోసం మెడ ఎత్తి చూసే మన నల్లరేగడి రైతులకు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో విడమరచి చెప్పనక్కర లేదు. 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్న లండన్ మిషనరీ సొసైటీవారే ఆ ప్రాంతానికి కూడా వెళ్లారు. ఆ సొసైటీకి చెందిన రాబర్ట్ మోఫట్ గారు 1857 నాటికి బైబిలు మొత్తం వారి సెట్స్వానా భాషలో అచ్చువేయించారు. ఇంకొక ముచ్చట. అక్కడ స్త్రీని గౌరవంగా ‘మ్మా’ అని పిలుస్తారు. మన ‘అమ్మా’ వినబడినట్లే ఉంటుంది.

ఆ డిటెక్టివు పేరు మ్మా ప్రెషస్ రామోట్స్వే. ప్రెషస్ అంటే మనలో అమూల్య అనుకోండి. మనిషి భారీగా ఉంటుంది. లావు అంటే ఒప్పుకోదు, తనది పాతకాలపు కట్టుబడి అంటుంది. చిన్నతనంలో తల్లి పోయింది. గనులలో పనిచేసిన తండ్రి ఆమెను పెంచాడు. బాకా వాయించే ఒకణ్ణి నమ్మి పెళ్లి చేసుకుంటే వాడు కొట్టేవాడు. పుట్టిన బిడ్డ కొద్ది రోజులకే కన్నుమూసింది. తండ్రి అవసాన కాలంలో, తన పశువులను అమ్మి వ్యాపారం పెట్టుకొమ్మన్నాడు. ఏ మాంసం కొట్టో పెడుతుందని ఆయన ఆశ. ఆమె డిటెక్టివు ఆఫీసు పెడతానన్నది. తండ్రి కళ్లు పెద్దవి చేశాడు గాని, ఏమి చెప్పబోయాడో చెప్పకుండానే ప్రాణం విడిచాడు. అంత దుఃఖంలోనూ చదివేవారికి నవ్వు ఆగదు. ఈ పుస్తకాల తీరే అది.

ఆమె ఆఫీసులో ఏమున్నది? పాత టైపు మిషను, ఫోను, టీ పెట్టుకొనే సామాను, వచ్చినవారి కోసం అదనంగా ఒక కప్పు. బయట చిన్న తెల్ల వ్యాను. తుపాకులూ దూకుళ్లూ ఉండవు. సెక్రటరీ గ్రేస్ మకూట్సికి టైపు, ఆఫీసు పని నేర్పే కాలేజీలో నూటికి 97 మార్కులు వచ్చినవి. అయినా పెద్ద కళ్లజోడు పెట్టుకున్న ఆమెకు ఉద్యోగం రాలేదు. 50 మార్కుల అందగత్తెలకు వచ్చింది. ఆమె విలువ మొదట గుర్తించినది మ్మా రామోట్స్వేయే. ఆడపిల్లలను కష్టపడి చదివిస్తున్న తల్లిదండ్రులు ఈ భాగం చదివితే నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటారు.

ఇక ఆమె చేసిన శోధనలలో రెండు మూడు చెబుతాము.

రాజధాని గాబొరోన్‌లో స్థిరపడిన పటేల్ అనే మన భారతీయ వ్యాపారి ఆమెను పిలిపించాడు. పదహారేళ్ల కూతురికి ఎవరో కుర్రవాడితో స్నేహమున్నదని అనుమానము. ఆమె వెనుక తిరిగి వాడెవడో తేల్చమన్నాడు. మ్మా రామోట్స్వే తిరిగింది. చివరికి తేలిందేమిటి? అసలు కుర్రవాడే లేడు. ఇంట్లో కాపలా భరించలేక ఆ పిల్లే ఒక పేరు కల్పించింది! డిటెక్టివు వెళ్లి తండ్రితో కుర్రవాడు లేడని చెప్పి, అమ్మాయికి కాస్త ఊపిరి తీసుకొనే చోటివ్వమని సలహా ఇచ్చింది. కాలేజీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి విచారణ మొదలుపెట్టే తండ్రులు మన పర్చూరు చుట్టుపక్కల లేరా? ఆ పది నిమిషాలలో బస్సు ఎక్కడ ఆగిందో అడిగేవారు తక్కువ.

రెండవది. ఉద్యోగం చేసుకొంటున్న ఒక అమ్మాయి ఇంటికి ఒకాయన వచ్చి, చిన్ననాడు నిన్ను విడిచి వెళ్లిన తండ్రిని నేనే అన్నాడు. ఆమె సంతోషంతో చేర్చుకున్నది. ఆయన కదలకుండా కూర్చొని తింటున్నాడు. రోజులు గడిచేకొద్దీ ఆమెలో సందేహం మొదలైంది. మ్మా రామోట్స్వే నర్సు దుస్తులు వేసుకొని ఆయన దగ్గరికి పరుగెత్తింది. కూతురికి ప్రమాదం జరిగింది, రక్తం చాలా కావాలి, తండ్రివి గనుక నీవే ఇవ్వాలి, నీ ప్రాణానికి మాత్రం హామీ లేదు అన్నది. ఆయన తడబడి, నేను ఆమె తండ్రిని కాను అని ఒప్పుకున్నాడు.

ఇది చదివితే 1 రాజులు 3వ అధ్యాయంలో సొలొమోను ఖడ్గం తెమ్మన్న సంగతి మనకు జ్ఞాపకం వస్తుంది. మరి ఆమె అబద్ధమాడింది గదా అని అడిగే పెద్దలు ఉంటారు. ఆ ప్రశ్నను ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లోనే చర్చించుకోండి. మేము గమనించినది వేరే. నిజం తెలిసినంత మాత్రాన ఆ పిల్లకు తండ్రి దొరకలేదు. ఆమె మళ్లీ తండ్రి లేనిదే అయింది. అయినా అబద్ధపు తండ్రికి వండిపెడుతూ లోలోపల కుమిలిపోవడం ఆగింది.

మూడవది మా వంటి పాదిరులు చదివి ఉలిక్కిపడేది. ఒకామె భర్త బాప్తిస్మానికి ఏటిలో దిగి, మరి బయటికి రాలేదు. ఏమైపోయాడు, ఎవతెతోనైనా వెళ్లిపోయాడా? మ్మా రామోట్స్వే ఏటి ఒడ్డున కాపువేసి మొసలిని కాల్చింది. దాని కడుపులో ఆయన చేతి గడియారం దొరికింది. దానిని ఆ భార్య చేతిలో పెట్టింది. భర్త పోయాడన్న దుఃఖం ఆమెకు ఉన్నది. తనను మోసగించలేదన్న నెమ్మది కూడా ఉన్నది. ఏటిలో బాప్తిస్మమిచ్చే సేవకులు ముందుగా నీళ్ల లోతు చూసుకోవాలన్న పాఠం అదనంగా దొరికింది!

అన్నీ నవ్వులే కావు. మొదటి పుస్తకంలోనే ఒక బడిపంతులు తప్పిపోయిన తన కొడుకు కోసం ఉత్తరం వ్రాస్తాడు. మంత్రపు మందుల కోసం పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారని అందరికీ భయము. భయంతో నోరు విప్పేవారు లేరు. ఆ మౌనాన్ని దాటి వెళ్లి ఆమె పిల్లవాణ్ణి ప్రాణాలతో తండ్రి దగ్గరికి చేరుస్తుంది.

ప్రియులారా, ఈ కథలన్నిటిలో ఆమె పట్టుకొనేది దొంగలనో హంతకులనో కాదు. ఒక ఇంటిని తినివేస్తున్న అనుమానాన్ని. ఎవరినీ ముందుగా దోషి అనదు. టీ పోసి కూర్చోబెడుతుంది, చెప్పింది వింటుంది, వెళ్లి కళ్లారా చూస్తుంది. తేలిన నిజాన్ని, దానితో బ్రతకవలసినవారికి మాత్రమే చెబుతుంది.

మన పద్ధతి ఎలా ఉన్నది? ఇంట్లో చెవిదుద్దు కనబడకపోతే మొదట ఎవరి పేరు వస్తుంది? గిన్నెలు తోమే ఆమె పేరు. కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తగ్గినట్లు తోస్తే కర్నూలు వైపు నుండి కోతలకు వచ్చి గుడిసెలు వేసుకున్న కూలీల పేరు. కొత్త కోడలు ఇంట్లో ఉంటే ఆమె పుట్టింటి పేరు. ఆ తరువాత అంజనం వేసేవాని దగ్గరికి ప్రయాణము. లేకపోతే అందరిచేత బియ్యం నమిలించడం. నోరు పొడిబారినవాడు దొంగట! బీదవాణ్ణి పదిమంది మధ్య నిలబెడితే ఎవరి నోరు తడిగా ఉంటుంది? మన విశ్వాసులలోనూ కొందరు అంజనం తప్పని మానుకొని, బైబిలు మీద చేయి వేయించి ప్రమాణం చేయిస్తారు. పుస్తకం మారింది గాని పద్ధతి మారలేదు.

దుద్దు నాలుగు రోజులకు పరుపు కింద దొరుకుతుంది. ఇంటివారు నవ్వుకొని పెట్టెలో దాచుకొంటారు. కాని పనిమనిషిని దొంగ అన్న మాట అప్పటికే పేట దాటిపోయి ఉంటుంది. ఆమెకు పని ఇచ్చేవారుండరు. ఆమె కూతురి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఆ మాట వస్తుంది. దుద్దు దొరికిందన్న కబురు మాత్రం అంత దూరం నడవదు. నింద వేసిన రోజు పదిమందిని పిలిచినవారు, నింద తొలగిన రోజు అదే పదిమందిని పిలిచి చెప్పిన సందర్భాలు ఎన్ని ఉన్నవో మీరే లెక్కించండి.

ఇంగ్లీషు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పుస్తకాలు చదివించి, రాత్రి భోజనాలయ్యాక కథ చెప్పించుకోండి. ఈసారి వారు లెక్కల పుస్తకంలో దాచనక్కర లేదు. రేపు ఏదైనా వస్తువు కనబడకపోతే మొదట పరుపు ఎత్తండి, బియ్యం డబ్బాలో చేయి పెట్టండి, గూట్లో వెదకండి. అప్పటికీ దొరకకపోతే, అనుమానం ఎవరిమీద ఉన్నదో ఆమెను ఒంటరిగా పిలిచి, పీట వేసి, కప్పు టీ ఇచ్చి, ‘అమ్మా, నీకేమైనా కనబడిందా?’ అని అడగండి. టీ చల్లారే లోపల ఆమె చెప్పేదంతా వినండి. సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో 13, 17 వచనాలు కూడా తీసి చూడండి.